ఆ పావుగంట

కుర్రాడు ఎప్పుడు పెద్దవాడవుతాడు? మన ఇళ్ళల్లో ఈ ప్రశ్నకి జవాబు సిద్ధంగానే ఉంటుంది. బాలిగ్ అయిన నాటి నుంచి నమాజూ రోజా వాడి బాధ్యత. అంతవరకూ వాడు చేసిన తప్పులు వాడి ఖాతాలో రాయరు. ఆ తర్వాత ప్రతిదీ రాస్తారు. బడివాళ్ళ జవాబు ఇంకొకటి, పదో తరగతి సర్టిఫికెట్టులోని పుట్టినతేదీ. సర్కారు జవాబు మరొకటి, 18 ఏళ్ళు నిండితే ఓటు. మూడూ వయసు లెక్కలే. వయసొస్తే బుద్ధి అదే వస్తుందన్న నమ్మకం మీద నడిచే లెక్కలు.

కానీ వయసొచ్చినవాడికి ఏది మంచి, ఏది చెడు అని చెప్పే గొంతు ఒకటి లోపల ఉంటుంది గదా. మనం జమీర్ అంటాం. తెలుగులో అంతరాత్మ అంటారు. ఆ గొంతు ఎవరిది? వాడిదేనా, లేక వాణ్ణి పెంచిన ఊరిదా? ఊరిదే అయితే, ఆ ఊరు ఒక అన్యాయాన్ని తరతరాలుగా న్యాయమని నమ్ముతూ వస్తోంటే, అప్పుడు అంతరాత్మ మాట విన్నవాడు పెద్దవాడా? కాదని ఎదురుతిరిగినవాడు పెద్దవాడా?

ఈ ప్రశ్నని నాకు తెలిసినంతలో అందరికంటే సూటిగా అడిగింది ఒక పిల్లల పుస్తకం. మార్క్ ట్వేన్ రాసిన 'హకల్‌బెరీ ఫిన్'. దాన్ని తెలుగులోకి తెచ్చిన నండూరి రామమోహనరావు గారు మనవైపువారే. 1927లో అప్పటి కృష్ణాజిల్లా విస్సన్నపేటలో పుట్టారు. బెజవాడలో ఆంధ్రజ్యోతికి సంపాదకులుగా ఉన్నారు. 'టామ్ సాయర్', 'కాంచనద్వీపం', 'రాజూ-పేద' కూడా ఆయన తెలుగు చేసినవే. 1914లో బెజవాడలో గ్రంథాలయ సంఘం పెట్టుకున్న జిల్లా ఇది. ఊరూరా పుస్తకాల బీరువాలు పుట్టిన జిల్లా. ఆ బీరువాల పుణ్యమా అని ఎక్కడో మిసిసిపీ ఒడ్డున పెరిగిన ఒక తెల్లపిల్లాడు మా ఉయ్యూరులో పుల్లేరు కాలువ దాకా వచ్చాడు. చక్కెర ఫ్యాక్టరీకి పోయే చెరుకు బళ్ళ వెనక పరిగెత్తి గడలు లాక్కునే కుర్రాళ్ళకి వాడు పరాయివాడిగా అనిపించలేదు. వాడికీ బడంటే గిట్టదు, చెప్పుల్లేకుండా తిరుగుతాడు, నీళ్ళు కనపడితే దూకుతాడు.

కథ క్లుప్తంగా చెబుతాను. అమెరికాలో బానిసత్వం ఇంకా చట్టబద్ధంగా ఉన్న రోజులు. మిస్సోరి రాష్ట్రంలో నది ఒడ్డున ఓ చిన్న ఊరు. హక్ 13, 14 ఏళ్ళవాడు. తల్లి లేదు. తండ్రి తాగుబోతు, చావగొడతాడు. ఒక వితంతువూ, ఆవిడ తోబుట్టువు మిస్ వాట్సనూ వాణ్ణి చేరదీసి చదువూ ప్రార్థనా నేర్పుతుంటారు. తండ్రి ఎత్తుకుపోయి ఒక గదిలో బంధిస్తే, హక్ తనని ఎవరో చంపేసినట్టు ఆనవాళ్ళు సృష్టించి పారిపోతాడు. నది మధ్య లంకలో వాడికి జిమ్ కనిపిస్తాడు. జిమ్ నల్లవాడు, మిస్ వాట్సన్ బానిస. తనని 800 డాలర్లకి దక్షిణాదికి అమ్మేయబోతున్నారని చాటునుంచి విని పారిపోయి వచ్చాడు. ఇద్దరూ ఒక తెప్ప మీద, పగలు దాక్కుంటూ రాత్రిళ్ళు ప్రయాణం చేస్తారు. నవల 1884 డిసెంబరులో ఇంగ్లండులోనూ, 1885లో అమెరికాలోనూ వచ్చింది. వచ్చిన ఏడాదే మసాచుసెట్స్‌లోని కాంకర్డ్ ఊరి గ్రంథాలయం దాన్ని పిల్లలకి పనికిరాదని బయటికి తోసేసింది.

ఒక సంగతి గమనించాలి. మిస్ వాట్సన్ రాక్షసి కాదు. దైవభక్తి ఉన్న మనిషి. అనాథకి అన్నం పెట్టి, మోకాళ్ళ మీద కూర్చోబెట్టి ప్రార్థన నేర్పే మనిషి. ఆవిడే ఇంకో మనిషిని భార్యాబిడ్డల నుంచి వేరుచేసి అమ్మడానికి బేరమాడుతుంది. రెండు పనులూ ఒకే చేత్తో, ఏ బాధా లేకుండా. ట్వేన్ 1835లో పుట్టి అలాంటి ఊళ్ళోనే పెరిగాడు. చిన్నతనంలో బానిసత్వం తప్పని తనకెప్పుడూ తోచలేదనీ, చర్చిలో అది దేవుడికి ఇష్టమైన ఏర్పాటని చెప్పేవారనీ తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ ఊరి అంతరాత్మ అది. హక్ లోపల ఉన్నదీ అదే.

అలాంటివాడు ఎదగడం ఎలా మొదలవుతుంది? ఉపదేశం విని కాదు. ఒక పిచ్చి వేళాకోళం బెడిసికొట్టి. ఒక రాత్రి నది మీద పొగమంచు కమ్మేస్తుంది. చిన్న పడవలో హక్, తెప్ప మీద జిమ్ విడిపోతారు. జిమ్ రాత్రంతా అరిచి అరిచి, కుర్రాడు మునిగిపోయాడనుకుని, అలసి నిద్రపోతాడు. హక్ చప్పుడు లేకుండా తెప్పెక్కి పక్కన పడుకుని, పొగమంచేమిటి, నేనెక్కడికీ పోలేదు, నువ్వు కలగన్నావని దబాయిస్తాడు. పాపం జిమ్ నమ్ముతాడు. ఆ కలకి అర్థాలు కూడా చెబుతాడు. అప్పుడు హక్ తెప్ప మీద పడి ఉన్న ఆకులూ చెత్తా, విరిగిన తెడ్డూ చూపించి, మరి వీటి అర్థమేమిటని నవ్వుతాడు. జిమ్ వాటిని చూస్తాడు, వాణ్ణి చూస్తాడు. నీకోసం నా గుండె పగిలిందనీ, నువ్వు కనపడితే కాళ్ళ మీద పడి ఏడవబోయాననీ, నీకేమో నన్ను వెర్రివాణ్ణి చెయ్యాలని తోచిందనీ చెబుతాడు. నేస్తాన్ని సిగ్గుపడేట్టు చేసేవాళ్ళే అసలు చెత్త అని చెప్పి లేచి లోపలికి పోతాడు.

హక్ వెళ్ళి క్షమాపణ అడుగుతాడు. కానీ వెంటనే కాదు. ఒక నల్లవాడి ముందు తల వంచడానికి మనసు కూడగట్టుకునేసరికి వాడికి పావుగంట పట్టింది. ఆ తర్వాత అందుకు ఎన్నడూ విచారించలేదని కూడా చెబుతాడు. నవలంతా నా దృష్టిలో ఈ పావుగంటలో ఉంది. మిగతా ప్రయాణమంతా ఆ పావుగంట మళ్ళీమళ్ళీ రావడమే.

రెండోసారి వచ్చినప్పుడు తుపాకులు పట్టుకున్న ఇద్దరు మనుషులు ఎదురవుతారు. పారిపోయిన బానిసల కోసం వెదుకుతున్నారు. హక్ అప్పటికే జిమ్‌ని పట్టించడానికి బయల్దేరి ఉన్నాడు. పాపం మిస్ వాట్సన్ నీకేం అపకారం చేసిందిరా అని అంతరాత్మ పొడుస్తోంది. ఆ సమయానికి నోట మాట రాదు. తెప్ప మీద ఉన్నది తెల్లవాడేనని అబద్ధమాడి, ఇంట్లోవాళ్ళకి మశూచి అన్న అనుమానం కలిగించి వాళ్ళని తరిమేస్తాడు. పోనీ సంతోషిస్తాడా? లేదు. తప్పు చేశాననే కుమిలిపోతాడు.

మూడోసారి జిమ్‌ని ఒక మోసగాడు 40 డాలర్లకి అమ్మేస్తాడు. హక్ మిస్ వాట్సన్‌కి ఉత్తరం రాస్తాడు, నీ బానిస ఫలానా చోట ఉన్నాడని. రాయగానే పాపం కడిగేసుకున్నట్టు తేలికవుతుంది. ఇప్పుడిక ప్రార్థన చెయ్యగలననుకుంటాడు. కానీ కూచుని ఆలోచించడం మొదలెట్టేసరికి జిమ్ గుర్తొస్తాడు. తన కాపలా వంతు కూడా తానే కాసి వీణ్ణి నిద్రపోనిచ్చిన జిమ్. తనకి లోకంలో ఉన్న ఒకే ఒక్క నేస్తం నువ్వన్న జిమ్. ఉత్తరం చించేస్తాడు. నరకానికే పోతానని తేల్చుకుంటాడు. పదేళ్ళ తర్వాత, 1895లో, ట్వేన్ తన ఉపన్యాసాల నోట్సులో ఈ పుస్తకం గురించి రాసుకున్నదాని సారం ఇదే: గుండె బాగున్న పిల్లాడికీ వంకరపోయిన అంతరాత్మకీ పోట్లాట జరిగి, అంతరాత్మ ఓడిపోయింది.

మనకి చిన్నప్పటి నుంచీ అంతరాత్మ గెలవాలనే చెప్పారు. అది ఓడిపోయి మనిషి గెలిచిన కథ ఇది. అంచేతే ఇది ఇబ్బంది పెడుతుంది. హక్‌కి తాను మంచిపని చేస్తున్నానన్న తృప్తి కూడా లేదు. చప్పట్లు కొట్టేవాళ్ళు లేరు. పుణ్యం రాదని, పైగా నిప్పుల్లో పడతానని నమ్ముతూనే ఆ పని చేశాడు. అమల్లో నియ్యత్ చూడాలంటారు మన పెద్దలు. ఈ కుర్రాడి నియ్యత్ ఎంత శుద్ధమైనదో వాడికే తెలియదు.

ఇక ఈ పుస్తకం ఉయ్యూరు లాంటి ఊళ్ళో ఒక ముస్లిం కుర్రాడు చదివితే ఏమవుతుందో చూద్దాం. మొదటిసారి చదివినప్పుడు వాడు హక్ అవుతాడు. ఎవడైనా అంతే. కథ చెప్పేవాడి కళ్ళతోనే చూస్తాం. నది వాడిది, తెప్ప వాడిది, సాహసం వాడిది. కొన్నేళ్ళు పోయాక మళ్ళీ చదివితే ఎక్కడో ఒకచోట వాడు తెప్ప మీద అటునుంచి ఇటు మారి కూచుంటాడు. తాను హక్ కాదనీ జిమ్ అనీ తెలిసే రోజు ఒకటి వస్తుంది. చాలామందికి ఆ రోజు 1992 డిసెంబరు 6. అయోధ్యలో కూలిన గుమ్మటాల ఫొటో మర్నాడు పేపర్లో చూసిన పిల్లలు ఒక్క రాత్రిలో ఎదిగారని అప్పట్లో మన పెద్దలు చెప్పుకునేవారు.

నాకు ఆ మాట మీదే అభ్యంతరం. అది ఎదగడమా?

మా ఊళ్ళో మతాల గొడవల్లేవు అని మా ఊరివాళ్ళు గర్వంగా చెబుతారు. నిజమే. మాఘమాసంలో వీరమ్మ తల్లి తిరునాళ్ళకి అందరం వెళ్ళేవాళ్ళం. పీర్లు లేచినప్పుడు అందరూ వచ్చేవాళ్ళు. ఎవరూ ఎవరినీ ద్వేషించమని పాఠం చెప్పలేదు. కానీ ఇండియా, పాకిస్తాన్ మ్యాచ్ రోజున మాత్రం అమ్మ కిటికీ మూసి, గట్టిగా అరవొద్దురా అనేది. ఏ జట్టు కోసం అరిచినా సరే. సినిమాలో సాయిబు పాత్ర వచ్చీరాని తెలుగులో 'నీకి, నాకి' అన్నప్పుడు హాలంతా నవ్వితే, మనమూ నవ్వాలి. నవ్వకపోతే అందరూ మనవైపు చూస్తారు. తురక అన్న మాట తిట్టుగా కాకుండా అలవాటుగా చెవిన పడినప్పుడు విననట్టు ఉండాలి. ఇవన్నీ నేర్చుకున్న పిల్లాణ్ణి చూసి చుట్టాలు, ఎంత పెద్దరికం వచ్చిందో అని మెచ్చుకుంటారు.

అది పెద్దరికం కాదు. భయానికి మనం పెట్టుకున్న ముద్దుపేరు. మైనారిటీ ఇళ్ళల్లో పిల్లలు తొందరగా పెద్దవాళ్ళవుతారంటే దానర్థం వాళ్ళకి బాల్యం తొందరగా తీసేసుకున్నారని. జిమ్‌కి అలాంటి జాగ్రత్త బోలెడంత ఉంది. ఎవడి ముందు నవ్వాలో, ఎవడి ముందు వెర్రివాడిలా ఉండాలో తెలుసు. అది లేకపోతే బతకలేడు. దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు, మన అమ్మల్ని అసలే తప్పుపట్టలేం. కానీ జిమ్ మనిషిగా నిటారుగా నిలబడిన క్షణం ఆ జాగ్రత్తలో లేదు. దాన్ని పక్కన పెట్టి, పొగమంచు విడిపోయాక, ఒక తెల్లపిల్లాడి మొహం మీద నువ్వు చేసింది నీచమని చెప్పిన క్షణంలో ఉంది. అలా చెప్పినందుకు వాడు ఏమైనా చెయ్యొచ్చు. ఒక్క ముక్కతో పట్టించెయ్యొచ్చు. అయినా చెప్పాడు. జిమ్ ఆ మాట అనకపోతే హక్‌కి ఆ పావుగంట వచ్చేదే కాదు.

1990లలో తెలుగులో మనవాళ్ళు రాయడం మొదలెట్టినప్పుడు జరిగింది ఇదేనని నా నమ్మకం. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1998లో 'జల్‌జలా' సంకలనం వచ్చింది. 1999లో మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' పుస్తకంగా వచ్చి, కావలిలోని ఒక ముస్లిం పిల్లాడి బాల్యాన్ని మొదటిసారి ఇంత చనువుగా తెలుగువాళ్ళ ముందు పెట్టింది. అంతకుముందు మనం చెబితే, అదంతా నీ కల అనేవాళ్ళు. మన ఊళ్ళో అలాంటిదేం లేదు, నీకలా అనిపించిందేమో అనేవాళ్ళు. ఈ పుస్తకాలు తెప్ప మీద పడ్డ ఆకుల్నీ విరిగిన తెడ్డునీ చూపించాయి. కల కాదు, చూడండి అన్నాయి.

చూసినవాళ్ళున్నారు. ఆ పావుగంట తీసుకుని మన దగ్గరికి వచ్చినవాళ్ళున్నారు. వాళ్ళ మేలు మర్చిపోకూడదు. కానీ సెక్యులర్ మిత్రులతో ఈ నవల గురించే ఇంకో మాట మాట్లాడాలి.

హక్ ఉత్తరం చించేశాడు గానీ బానిసత్వం తప్పని ఎక్కడా అనుకోలేదు. నవల చివరిదాకా అనుకోడు. వాడు చేసింది జిమ్ ఒక్కడికి మినహాయింపు ఇవ్వడం. జిమ్ లోపల తెల్లవాడే అని ఒకచోట మెచ్చుకుంటాడు కూడా. ఆ మెచ్చుకోలు మనకి కొత్తదా? నువ్వు అలాంటి సాయిబువి కాదురా, నువ్వు మావాడివే, మిగతావాళ్ళ సంగతి వేరు అని ఎంతమంది మనల్ని భుజం తట్టలేదు? ప్రేమతోనే అంటారు. ఆ ప్రేమ అబద్ధమని నేననను. కానీ ఆ మాట విన్న ప్రతిసారీ మనం తెప్ప మీద ఒంటరిగా మిగులుతాం. మన అమ్మ, మన చెల్లెలు, మన వీధి, అందరూ ఒడ్డునే ఉండిపోతారు.

దీనికి నవలలోనే ఒక గట్టి సాక్ష్యం ఉంది. జిమ్‌కి భార్య ఉంది, ఇద్దరు పిల్లలున్నారు. స్వేచ్ఛ దొరగ్గానే డబ్బు కూడబెట్టి ముందు భార్యనీ తర్వాత పిల్లల్నీ కొనుక్కుంటాననీ, యజమాని అమ్మనంటే ఎత్తుకొచ్చేయిస్తాననీ ఒక రాత్రి సంబరంగా చెబుతాడు. అప్పుడే హక్ ఉలిక్కిపడతాడు. తనకే అపకారమూ చెయ్యని ఎవరో పెద్దమనిషి 'ఆస్తి'ని, అంటే జిమ్ కన్నబిడ్డల్ని, వీడు దొంగిలిస్తాడట అని. జిమ్‌ని భరించగలిగాడు. జిమ్ పిల్లల్ని భరించలేకపోయాడు. స్నేహం అక్కడ ఆగిపోతుంది. స్నేహం న్యాయం కావాలంటే ఇంకా నాలుగడుగులు వెయ్యాలి.

అయితే మినహాయింపు ఎందుకూ పనికిరాదా? అలా కూడా అనలేను. ఒక్క మనిషిని దగ్గరగా చూడకుండా ఏ న్యాయమూ మొదలు కాదు. కొన్నాళ్ళకి జిమ్ ఒక రాత్రి తన కూతురు ఎలిజబెత్‌ని తలుచుకుని ఏడుస్తాడు. తలుపు మూయమంటే మూయలేదని నాలుగేళ్ళ పిల్లని కొట్టాడు. జ్వరమొచ్చి తగ్గాక ఆ పిల్లకి చెవుడొచ్చిందనీ, తన మాట వినపడలేదనీ తర్వాత తెలిసింది. అది విన్న హక్, వీళ్ళకీ మనలాగే పిల్లలంటే ప్రాణమన్నమాట అని ఆశ్చర్యపోతాడు. మనకి ఆ ఆశ్చర్యమే అవమానంగా తోస్తుంది. కానీ హక్ ఎదిగే దారి అదే. మొదట జిమ్, ఆ తర్వాత జిమ్ బిడ్డ, ఆపైన జిమ్ లాంటివాళ్ళందరూ. హక్ రెండో మెట్టు దాకా వచ్చి ఆగాడు. మన మిత్రుల్లో చాలామంది మొదటి మెట్టు మీద కూచుని మేడెక్కామనుకుంటున్నారు. అదే నా ఫిర్యాదు.

ఇప్పుడు మనవైపు తిరుగుదాం. ఇది రాయకుండా ఈ వ్యాసం ముగిస్తే అన్యాయం చేసినట్టే.

బందరు రోడ్డు మీద మనం జిమ్. ఇంట్లో? ఇంట్లో చాలామందిమి హక్ కూడా కాదు, మిస్ వాట్సన్. దూది ఏకే వృత్తి పేరు పింజారి. ఆ పేరుని తెలుగు భాష తిట్టుగా వాడుకుంటే మనకి రోషం రావాలి. కానీ దూదేకులవాళ్ళని తక్కువచూపు చూసిన షేకులూ సయ్యదులూ ఎవరు? ఇంట్లో తెలుగు మాట్లాడతారు, ఉర్దూ రాదు, వీళ్ళేం ముసల్మానులు అని నవ్వినవాళ్ళు ఎవరు? సఫ్‌లో భుజానికి భుజం ఆనించి నిలబడతాం. పెళ్ళి సంబంధం మాటొస్తే ఖాందాన్ గుర్తొస్తుంది. మజీదులో ఒక లెక్క, ఇంటి గడపలో ఒక లెక్క. మిస్ వాట్సన్‌కీ ఇలాగే రెండు లెక్కలుండేవి.

ఆడపిల్లల సంగతీ అంతే. ఆస్తిలో కూతురికి వాటా ఇమ్మని ఖురాన్ పేరుపెట్టి చెబుతుంది. ఎన్ని ఇళ్ళల్లో ఆ వాటా అన్నదమ్ములకి వదిలేసుకోవడమే మంచి చెల్లెలి లక్షణంగా చలామణీ అవుతోంది? వదిలేసుకున్న చెల్లెలి అంతరాత్మ తేలికవుతుంది, తీసుకున్న అన్న అంతరాత్మా తేలికవుతుంది. ఉత్తరం రాసేసిన హక్‌కి తేలికైనట్టే. తేలికైనంత మాత్రాన అది న్యాయం కాదని ఈ నవల చెబుతోంది. సాక్ష్యం చెప్పాల్సి వస్తే అది నీకే వ్యతిరేకమైనా, నీ తల్లిదండ్రులకీ బంధువులకీ వ్యతిరేకమైనా న్యాయం వైపే నిలబడమని అడిగే సూరా నిసా కూడా అదే చెబుతోంది. బాలిగ్ అవడం ఒంటికి సంబంధించిన సంగతి. ఈ సాక్ష్యం చెప్పగలగడం వేరే సంగతి. మొదటిది అందరికీ వస్తుంది.

మనం బాధితులం కాబట్టి మనకి ఎదగాల్సిన అవసరం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మన మీద జరిగే దాడి గురించి మాట్లాడే సమయంలో ఇంటి గుట్టు బయటపెడతావా అని కోప్పడేవాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. ఆ గుట్టుని మన మీదే ఆయుధంగా వాడేవాళ్ళున్నారు, నిజం. కానీ వాళ్ళు వాడుకుంటారని మన చెల్లెలి వాటా మనం దాచుకుంటే, శత్రువు భయాన్ని అడ్డం పెట్టుకుని లాభపడింది మనమే. ఆ మాట వాళ్ళకంటే ముందు మనమే చెప్పుకుంటే వాళ్ళ చేతిలో ఆయుధం మొద్దుబారుతుంది.

నవల చివరి భాగం చాలామందికి నచ్చదు. అది నచ్చకపోవడంలోనే మనకో పాఠం ఉంది. నరకానికైనా పోతానని తేల్చుకున్న మర్నాడో మూడోనాడో, పడవలో ప్రమాదం జరిగిందని ఒక అబద్ధం చెబుతాడు హక్. ఎవరికైనా దెబ్బలు తగిలాయా అని ఆ ఇంటావిడ అడిగితే, లేదు, ఒక నల్లవాడు చచ్చాడంతే అంటాడు. అబద్ధానికి అతికినట్టుండాలని అన్నాడేమో. కానీ ఆ మాట నాలుక మీద సిద్ధంగానే ఉంది. తర్వాత టామ్ సాయర్ వస్తాడు. చదువుకున్న ఇంటి పిల్లాడు, పుస్తకాలు తెగ చదివినవాడు. మిస్ వాట్సన్ రెండు నెలల క్రితమే చనిపోతూ జిమ్‌కి విముక్తి రాసిచ్చిందని వాడికి తెలుసు. తెలిసి కూడా చెప్పకుండా, నవలల్లో ఖైదీలు తప్పించుకున్నట్టు తప్పిద్దామని ఆట మొదలెడతాడు. ఎలుకలు, పాములు, సాలీళ్ళు తెచ్చి జిమ్ కొట్టులో వదులుతాడు. హక్ గొణుగుతూనే వెంట నడుస్తాడు. అంతటి నిర్ణయం తీసుకున్నవాడు నేస్తం రాగానే మళ్ళీ పాత కుర్రాడైపోతాడు.

ట్వేన్ చెయ్యి జారిందని విమర్శకులు అంటారు. కథగా జారిందేమో. మనుషులు మాత్రం ఇలాగే జారుతారు. ఎదగడం సర్టిఫికెట్టు కాదు, ఒకసారి చేతికొస్తే దాచుకోవడానికి. తెప్ప మీద ఉన్నప్పటి బుద్ధి ఒడ్డెక్కగానే, నలుగురిలో పడగానే, కరిగిపోతుంది. కాలేజీ హాస్టల్లో ఒకే కంచంలో తిన్న స్నేహితుడు ఉద్యోగం వచ్చి ఇల్లు కట్టాక సాయిబులకి అద్దెకివ్వనంటాడు. అభ్యుదయం మాట్లాడిన మన కుర్రాడు నిఖా దగ్గర జోడే కా రకమ్ లెక్కపెట్టుకుంటాడు. టామ్ సాయర్లు ఎప్పుడూ ఉంటారు. ఇంకొకడి బతుకు వాళ్ళకి ఆట.

ట్వేన్ కూడా ఒకసారికే ఎదగలేదు. 1896లో ఆయన బొంబాయి వచ్చాడు. హోటల్లో ఒక జర్మన్ దొర పనివాణ్ణి చెంప మీద కొట్టడం కళ్ళారా చూశాడు. పనివాడు ఏమీ అనలేదు. ఆ ఒక్క దెబ్బతో తన బాల్యం, తన ఊళ్ళో బానిసల్ని అంతే మామూలుగా కొట్టిన రోజులు, ఆ మరుపులోంచి ఒక్కసారిగా లేచి వచ్చాయని యాత్రా పుస్తకంలో రాశాడు. అప్పటికి ఆయనకి 60 ఏళ్ళు. హకల్‌బెరీ ఫిన్ రాసి పదేళ్ళు దాటింది. ఆ వయసులో, సముద్రాలు దాటి వచ్చి, మన దేశంలో ఒక పనివాడి చెంప మీద పడిన దెబ్బలో తన ఊరిని మళ్ళీ గుర్తుపట్టాడు.

హక్ చెప్పిన కథని జిమ్ చెబితే ఎలా ఉంటుందన్నది చాలా కాలం ఆగాల్సిన ప్రశ్న అయింది. 2024లో పెర్సివల్ ఎవరెట్ అనే నల్లజాతి రచయిత 'జేమ్స్' అనే నవలగా దాన్ని రాశాడు. 2025లో దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. అందులో జిమ్ చదువుకున్నవాడు. తెల్లవాళ్ళ ముందు మాట్లాడే వెర్రి భాష వేషమని తెలిసినవాడు. పిల్లలకి ఆ వేషం ఎలా వెయ్యాలో పాఠం చెబుతాడు, ప్రాణాలు దక్కడం కోసం. కిటికీ మూసిన మన అమ్మల పాఠం లాంటిదే అది. 140 ఏళ్ళు పట్టింది అమెరికాకి ఆ పాఠం అచ్చులో చూడ్డానికి.

హకల్‌బెరీ ఫిన్ చివర జిమ్ స్వతంత్రుడవుతాడు. హక్ ఈ నాగరికత నాకొద్దని పడమటి అడవుల వైపు పోదామనుకుంటాడు. జిమ్ భార్య ఏమైంది? చెవుడొచ్చిన ఎలిజబెత్ ఏమైంది? ట్వేన్ చెప్పలేదు. హక్ అడగలేదు. చిన్నప్పుడు చదివిన మనకీ అడగాలని తోచలేదు, కుర్రాడు క్షేమంగా ఉన్నాడుగదా అనుకుని పుస్తకం మూసేశాం. ఆ పిల్ల సంగతి అడగడానికి ఇప్పుడు మనందరికీ, తెప్పకి అటు కూచున్నవాళ్ళకీ ఇటు కూచున్నవాళ్ళకీ, ఇంకో పావుగంట కావాలి.